చల్లగా ఉండనివ్వని వీరరాఘవులు గారు

ఎవరైనా వంగి దణ్ణం పెడితే "చల్లగా ఉండు నాయనా" అనడం మనవాళ్ళకి ఆవలించినంత సులువు. ఒక్క వీరరాఘవులు గారి నోట మాత్రం ఆ మాట చచ్చినా వచ్చేది కాదు. చలవ, చల్లన, చల్లదనం, ఈ కుటుంబంలో మాటలన్నిటితోనూ ఆయనకి విరోధమే. పుట్టి పెరిగింది తెనాలి పక్కనే అయినా చల్లని చల్ల అనేవారు కాదు, మజ్జిగ అనేవారు. ఎండలు మరీ ముదిరితే అదీ మానేసి "కాస్త పల్చటి పెరుగు" అనేవారు.

ఎందుకంటే ఆయన మా ఆఫీసులో ఏసీలు ఆపే ఉద్యోగి. నడిపే ఉద్యోగి కాదండోయ్, ఆపే ఉద్యోగి. పేరుకి ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. ఢిల్లీ ఆర్.కె. పురంలో ఆరంతస్తుల ప్రభుత్వ భవనం మాది. ఏ శాఖో చెప్పను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. ఎనభై ఒకటి వేసవిలో కరెంటు చాలక, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా ఏసీలు ఆపాలని మావాళ్ళు ఓ సర్క్యులర్ తీశారు. సర్క్యులర్ వచ్చాక ఏం చెయ్యాలో మాకు తెలుసు కదా! అందరూ దాని మీద పొట్టి సంతకాలు చేసి, ఫైల్లో పెట్టి, ఏసీ ఇంకో మెట్టు పెంచుకుని కూర్చున్నారు. దాన్ని నిజంగా చదివిన మనిషి భవనం మొత్తానికి వీరరాఘవులు గారొక్కరే.

చదివి ఊరుకున్నారా? ఒంటికి పట్టించుకున్నారు. మా డిస్పాచ్ సెక్షను కనకయ్య గారి అమ్మాయి పెళ్ళి కరోల్‌బాగ్‌లో జరిగింది. పెద్దలంతా వరసగా అక్షింతలు వేసి "చల్లగా ఉండండి, పిల్లాపాపల్తో ఉండండి" అంటున్నారు. ఈయన వంతు వచ్చింది. గుప్పెడు అక్షింతలు తీసుకుని, కాసేపు లోపల్లోపల పెనుగులాడి, "నులివెచ్చగా ఉండండి" అన్నారు.

పెళ్ళికొడుకు తండ్రి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నులివెచ్చగా ఏమిటండీ బాబూ?" అన్నారు కనకయ్య గారు ఏడుపు మొహంతో.

"ఇరవై ఎనిమిది డిగ్రీలండీ. మనిషికి అంతకన్నా అక్కర్లేదు" అని ఈయన తాపీగా భోజనాల బంతి వైపు వెళ్ళిపోయారు. ఆ పెళ్ళికొడుకు ఇప్పటికీ తన సంసారంలో ఏ తేడా వచ్చినా ఆ దీవెన వల్లనే అంటాడు.

ఆయన చెవి గురించి చెప్పాలి. వరండాలో నడుస్తూ నడుస్తూ టక్కున ఆగి, గోడకి చెవి ఆనించేవారు. డాక్టరు రోగి వీపు మీద పెట్టినట్టు అరచెయ్యి పెట్టేవారు. "ఒకటిన్నర టన్ను. కంప్రెసరు కుడిపక్క బోల్టు వదులైంది" అనేవారు. లోపల గదిలో ఆఫీసరు అప్పటికే ఏసీ మీద దుప్పటి కప్పించి, కిటికీ తెరిపించి, విసనకర్ర పుచ్చుకుని కూర్చునేవాడు. ఈయన తలుపు తోసి, దుప్పటి ఎత్తి, బోల్టు బిగించి, స్విచ్చి ఆపి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఒక్క మాట అనేవారు.

"ఇరవై అయిదు!"

ఈ ఇరవై అయిదు ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. డిగ్రీలా అంటే, ఆయన లెక్క ఇరవై ఎనిమిది కదా. జపం చేస్తున్నారని కొందరు, ఏసీల మీద పాతిక కట్టి మట్కా ఆడుతున్నారని కొందరు అనుకునేవాళ్ళు. నేను మాత్రం అది ఆయనకి పెళ్ళైన వయసనీ, అప్పుడు కలిగిన బాధ ఇప్పుడిలా బయటపడుతోందనీ క్యాంటీన్లో ప్రచారం చేశాను. నవ్వారు లెండి అందరూ.

ఇక నా సంగతి. నా పేరు హరనాథ్. ఆరో అంతస్తులో జాయింటు సెక్రటరీ భట్నాగర్ సాహెబ్ దగ్గర పి.ఏ.ని. సాహెబ్‌ది లక్నో. నవాబు లాంటి మనిషి, మాట తేనె. అయితే ఆ తేనెంతా ఏసీ నడిచినంతసేపే. ఏసీ ఆగిన అయిదో నిమిషం నుంచి ఆయన డిక్టేషన్ ఇచ్చే ఉత్తరాలకి కిందివాళ్ళ ఉద్యోగాలు ఊగిపోయేవి. కాబట్టి మూడు నుంచి అయిదు దాకా సాహెబ్‌ని చల్లగా ఉంచడం నా ధర్మం. వీరరాఘవులు గారికి ఆయన్ని నులివెచ్చగా ఉంచడం ధర్మం. ఇంకేముంది, మొదలైంది యుద్ధం.

మొదటి ఎత్తు నాదే. ఆయన అడుగుల చప్పుడు వినగానే ఏసీ ఆపి, గది అప్పటిదాకా ఉడికిపోతున్నట్టు కనిపించడానికి సాహెబ్ నుదుటి మీద నీళ్ళు చిలకరించాను. వీరరాఘవులు గారు లోపలికొచ్చి సాహెబ్‌ని ఎగాదిగా చూశారు. దగ్గరికెళ్ళి గాలి పీల్చారు.

"సార్, చెమటకి గులాబీ వాసన రాదండీ" అన్నారు ముక్కలు ముక్కలు హిందీలో.

తప్పు నాదే. హడావిడిలో చేతికందిన సీసా ఒంపేశాను, అది సాహెబ్ గారి గులాబ్‌జల్. సాహెబ్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. మర్నాటి నుంచి మా గది ఏసీ స్విచ్చి మూడింటికల్లా ఇనప్పెట్టెలోకి వెళ్ళిపోయేది. తాళం చెవి ఆయన జంధ్యానికి ఉండేది.

నేను ఊరుకుంటానా? పక్కనే రికార్డు రూము. అందులో వాడుకలో లేని పెద్ద ప్లగ్గు ఒకటుంది. అక్కణ్ణించి గోడ పైన వెంటిలేటర్లోంచి దొంగ వైరు ఒకటి లాగి ఏసీకి తగిలించాను. చప్పుడు వినపడకుండా, ఏసీ పక్కన రెక్క వంగిపోయిన పాత కూలరొకటి పెట్టించాను. అది తిరుగుతుంటే లారీ ఘాటు రోడ్డు ఎక్కుతున్నట్టుండేది. రోజూ ఈయన మూడింటికి వచ్చి, తాళం చూసుకుని, కూలర్ చప్పుడికి చెవులు మూసుకుని వెళ్ళిపోయేవారు. మూడూ పదికి నేను రికార్డు రూములోకెళ్ళి ప్లగ్గు పెట్టేవాణ్ణి. సాహెబ్ గదికీ నా గదికీ మధ్య తలుపు బెత్తెడు తీసి ఉంచేవాణ్ణి. ఆ బెత్తెడు సందులోంచి వచ్చే గాలి ఉంది చూశారూ, అబ్బ! అబద్ధమెందుకు, సాహెబ్ కోసం సగం, నా కోసం సగం చేశానా పని.

నేనుండేది ఆఫీసు వెనకాల క్వార్టర్లలోనే. ఆ మేలోనే మాకు రెండో పిల్ల పుట్టింది. మా అత్తగారు హనుమాయమ్మ గారు బాపట్ల నుంచి వచ్చి మా ఆవిడ కమలాకుమారికి సాయంగా ఉన్నారు. పురుడు వెళ్ళాక పిల్లని చూడ్డానికి వీరరాఘవులు గారు వచ్చారు. అత్తగారు ఎదురెళ్ళి, "ఎండన పడి వచ్చారు, కాస్త చల్ల పుచ్చుకోండి అన్నయ్య గారూ" అన్నారు.

"మజ్జిగైతే ఇప్పించండి" అన్నారీయన.

తాగి, పిల్ల నెత్తిన చెయ్యిపెట్టి, ఎంతోసేపు ఆలోచించి, "నిమ్మళంగా ఉండు" అని వెళ్ళిపోయారు. ఇంక మా అత్తగారు అందుకున్నారు. "పసిగుడ్డుని చల్లగా ఉండమనడానికి ఆ పెద్దమనిషికి నోరు పెగల్లేదా? ఇదెక్కడి మనిషండీ అల్లుడు గారూ!"

జూన్ వచ్చింది. బయట లూ గాలి మొహం మీద పెనం బోర్లించినట్టు కొడుతోంది. సరిగ్గా అప్పుడే మా క్వార్టర్లలో రోజూ మూడూ పావు అయ్యేసరికి కరెంటు పోవడం మొదలైంది. అయిదింటిదాకా రాదు. పిల్లకి ఒళ్ళంతా చెమటకాయలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మా అత్తగారూ కమలా వంతులేసుకుని విసనకర్రతో విసిరీ విసిరీ చేతులు పడిపోయి కూర్చునేవాళ్ళు. వారం తిరిగేసరికి పిల్ల పాలు తాగడం తగ్గించేసింది. డిస్పెన్సరీ డాక్టరమ్మ చూసి, "ఇంత వేడికి ఈ పిల్ల తట్టుకోలేదు. మధ్యాహ్నాలు ఫ్యాను కింద ఉంచండి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే వాడిపోతే ఆసుపత్రిలో చేర్చాలి" అంది.

భయం ఎక్కువైతే నాకు కోపం వస్తుంది. ఎవరి మీద చూపించాలి? ఆఫీసులో కరెంటుకి సంబంధించిన మనిషి ఒక్కరే కదా.

"ఏమండీ రాఘవులు గారూ! భవనమంతా తిరిగి అందరి ఏసీలూ ఆపుతున్నారు. మిగిల్చిన కరెంటంతా ఏ డబ్బాలో దాస్తున్నారు? మా ఇంట్లో నెలపిల్ల అల్లాడిపోతోంది, డాక్టరమ్మ ఫ్యాను కింద ఉంచమంటోంది, రోజూ మూడూ పావుకి ఫ్యాను ఆగిపోతోంది!" అని వరండాలో అరిచేశాను.

ఆయన మొహం చిన్నబోయింది.

"ఎవడో ఎక్కడో ఇరవై అయిదు మింగేస్తున్నాడు నాయనా. వెతుకుతున్నాను. దొరకడంలేదు" అన్నారు.

మళ్ళీ అదే ఇరవై అయిదు! ఈయనకి పూర్తిగా మతి పోయిందనుకున్నాను. భవనమంతా అలాగే అనుకుంది, ఎందుకంటే మర్నాటి నుంచి ఆయన వీరంగం మొదలెట్టారు. క్యాంటీన్లో ఫ్రిజ్జు ఆపేశారు, గులాబ్‌జామూన్లు పాడయ్యాయి. కమిటీ రూములో మీటింగ్ మధ్యలో లైట్లన్నీ ఆర్పేశారు, ఎవరెవరు నిద్రపోతున్నారో బయటపడింది. తన టేబుల్ ఫ్యాను వైరు తనే పీకి, తడి తువ్వాలు నెత్తినేసుకుని తిరిగారు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో కరెంటు మూడూ పావుకి బదులు మూడూ ముప్పావుకి పోయింది. ఆ అరగంట ఎక్కణ్ణించి వచ్చిందో నేను ఆలోచించలేదు.

మూడోరోజు సాహెబ్ మీటింగ్‌కి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి గది సిద్ధంగా ఉండాలి కదా, మూడూ పదికి యథాప్రకారం ప్లగ్గు పెట్టేసి, సబ్‌స్టేషన్ వాళ్ళని నాలుగు దులుపుదామని బయల్దేరాను. మా భవనానికీ క్వార్టర్లకీ మధ్యనే ఉంటుంది సబ్‌స్టేషను. లోపల ఓ సర్దార్జీ, మీటర్ల ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు.

"రోజూ మా క్వార్టర్లకే ఎందుకు తీసేస్తున్నారు కరెంటు?" అన్నాను.

"ఆవో బైఠో భాయ్‌సాబ్" అని మంచం మీద చోటిచ్చి, గోడ మీద మీటరు చూపించాడు. దానికో ఎర్రగీత ఉంది, ముల్లు సరిగ్గా ఆ గీత మీద వణుకుతోంది. "ఇది దాటిందనుకో, నేనొక హ్యాండిల్ దించాలి. లేకపోతే మొత్తం తగలడిపోతుంది. హ్యాండిళ్ళు రెండు. ఒకటి మీ దఫ్తర్‌ది, ఒకటి క్వార్టర్లది. దఫ్తర్‌ది దించితే అయిదు నిమిషాల్లో నా నౌకరీ పోతుంది. ఇక నువ్వే చెప్పు, ఏది దించను?"

నేను మంచం అంచున కూర్చున్నాను.

"మీ రాఘవ్‌జీ ఉన్నాడు చూడు, వేసవి మొదట్లోనే వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. ముల్లు గీత దాటకుండా నేను చూస్తాను, క్వార్టర్ల జోలికి నువ్వెళ్ళకు, అక్కడ పిల్లలున్నారు అన్నాడు. రోజూ మూడింటికి ఫోను. సర్దార్జీ, రెండో అంతస్తులో ఇరవై అయిదు వచ్చాయి, రాసుకో. మూడులో ఇంకో ఇరవై అయిదు, అంటాడు."

"ఏమిటవి, ఇరవై అయిదు?" అన్నాను.

"పంఖాలు! ఒక ఏసీ ఆపితే ఇరవై అయిదు పంఖాలు తిరుగుతాయి కదా. కానీ ఎవడో బద్మాష్ మీ భవనంలో దొంగ ఏసీ ఒకటి నడుపుతున్నాడు. ఎండలు ముదిరిన ఈ పది రోజులుగా ఠీక్ మూడూ పదికి ముల్లు గీత మీదికి ఎగురుతోంది. వెనక క్వార్టర్లో ఎవరిదో చిన్నారి ఉందట, డాక్టరు ఫ్యాను కింద ఉంచమన్నదట. ఆ పిల్ల కోసం రాఘవ్‌జీ పిచ్చివాడిలా తిరుగుతున్నాడు."

మూడూ పది! గడియారం చూసుకుని అంత నిక్కచ్చిగా పనిచేసే గుమస్తాని నేనని అప్పటిదాకా నాకే తెలీదు. సర్దార్జీ చెయ్యి క్వార్టర్ల హ్యాండిల్ మీద పడింది. అంతలో ఫోను మోగింది. "హా రాఘవ్‌జీ... లిఫ్టు ఆపేశారా? అచ్ఛా, ఠీక్ హై" అన్నాడు. ముల్లు గీతకి వెంట్రుకవాసి కిందికి దిగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నా బిడ్డ ఊపిరి ఆ వెంట్రుకవాసిలో ఉందని కళ్ళారా చూశాను. దాన్ని తినేస్తున్న బద్మాష్‌ని నేనే. అదీ ఇవాళ ఖాళీ గదికి, ఖాళీ కుర్చీకి చల్లగాలి కొట్టిస్తున్నాను! సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

పరుగెత్తాను. లిఫ్టు లేదు, ఆరంతస్తులూ మెట్లే. నాలుగో అంతస్తు మలుపులో భట్నాగర్ సాహెబ్ మెట్టు మీద కూలబడి రొప్పుతున్నారు. "హర్‌నాథ్! లిఫ్ట్..." అన్నారు. "తర్వాత చెప్తాను సార్" అని ఆయన్ని దాటుకుని పైకి పరుగెత్తాను. జాయింటు సెక్రటరీని మెట్ల మీద దాటిపోవడం నా సర్వీసులో అదే మొదలు.

రికార్డు రూము తలుపు తోశాను. ఫైళ్ళ కట్ట మీద వీరరాఘవులు గారు కూర్చుని ఉన్నారు. నెత్తిన తడి తువ్వాలు, ఎదురుగా నా ప్లగ్గు.

"వచ్చావా? ఇప్పుడే దొరికింది" అన్నారు. "వైరు చూడగానే నువ్వేనని తెలిసిపోయిందిలే. కరెంటు పని తెలిసినవాడెవడూ వైరు ఊడకుండా ఫైలు ట్యాగుతో కట్టడు. అదీ మూడు పేటలు వేసి, చివర గుమస్తా ముడి."

తల దించుకున్నాను. "మరి పీకెయ్యలేదేమండీ?"

"నేను పీకితే రేపు ఇంకో వైరు వేస్తావు. నువ్వు పీకితే ఇంక వెయ్యవు. అందుకే నువ్వొచ్చేదాకా ముల్లు గీత దాటకుండా లిఫ్టు ఆపించి కూచున్నా. తొందరగా పీకవయ్యా, మెట్లెక్కలేక కిందంతా నన్ను తిడుతున్నారు."

పీకాను. గోడవతల కంప్రెసరు ఓ మూలుగు మూలిగి ఆగింది.

"ఇరవై అయిదు" అన్నారాయన.

"మా ఇంట్లో ఒకటేనండీ" అన్నాను. ఏడుపొస్తోంది నాకు.

"మిగతా ఇరవై నాలుగూ మీ పక్కిళ్ళవాళ్ళవి. వాళ్ళూ మనుషులే కదుటయ్యా. ఏడవకు. ఏడిస్తే ఒంట్లో నీరు పోతుంది, ఎండాకాలం."

అప్పుడే సాహెబ్ గుమ్మంలోకి వచ్చారు. చొక్కా పిండితే చెంబుడు నీళ్ళొచ్చేలా ఉంది. వీరరాఘవులు గారు లేచి నిలబడి, ఆయన్ని తేరిపార చూసి, "ఇవాళ మాత్రం అసలు చెమటే సార్. ఉప్పగా ఉంటుంది" అన్నారు.

"ఏసీ ఏమైంది?" అన్నారు సాహెబ్.

"ఎలక వైరు కొరికేసింది సార్" అన్నాను.

"అవును సార్, పెద్ద ఎలక. అయిదడుగుల ఆరంగుళాలుంటుంది. మీ దగ్గరే పనిచేస్తోంది" అన్నారు వీరరాఘవులు గారు.

సాహెబ్ వైరు చూశారు, ట్యాగు ముడి చూశారు, నా కళ్ళు చూశారు. నేనింక దాచలేక ముల్లు సంగతీ, పిల్ల సంగతీ మొత్తం చెప్పేశాను. ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నారు. ఆఖరికి, "రాఘవ్‌జీ, నా గదికి ఏదైనా ఉపాయం చెప్పండి. కరెంటు లేనిది" అన్నారు. మర్నాడు కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టించి, గంటకోసారి నీళ్ళు కొట్టించారు ఈయన. ఆ వాసనకి సాహెబ్‌కి లక్నోలో తాతగారిల్లు గుర్తొచ్చి, ఆ వారమంతా ఉత్తరాలు గజల్స్‌లా డిక్టేట్ చేశారు. ఆ ఉత్తరాలు అందుకున్నవాళ్ళు కంగారుపడి నాకు ఫోన్లు చేశారు.

మా ఇంట్లో ఫ్యాను ఇంక ఆగలేదు. నాలుగో రోజుకి పిల్ల పాలు పట్టింది, పదో రోజుకి నవ్వింది. తొలివాన పడ్డాక ఓ ఆదివారం బారసాల పెట్టుకున్నాం. మా అత్తగారికి మాత్రం ఇంకా అనుమానమే. "ఆ పెద్దమనిషి మళ్ళీ నిమ్మళంగా ఉండమంటాడో, ఏ గోరువెచ్చగానో ఉండమంటాడో, మీరు ముందే చెప్పి ఉంచండి అల్లుడు గారూ" అన్నారు. నేను చెప్పలేదు. ఏ మాటన్నా పరవాలేదనిపించింది నాకు.

వీరరాఘవులు గారి వంతు వచ్చింది. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని ఉయ్యాల ముందు నిలబడ్డారు. తలెత్తి ఫ్యాను చూశారు. టైము చూసుకున్నారు. మూడూ పావు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కనకయ్య గారు అప్పుడే చెవులు మూసుకున్నారు.

"చల్లగా ఉండు తల్లీ" అన్నారు వీరరాఘవులు గారు.

మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కనకయ్య గారు చెవుల మీంచి చేతులు తీసి, "ఏమన్నారూ? ఏమన్నారూ?" అని పక్కవాళ్ళని అడుగుతున్నారు.

ఆయన అక్షింతలు పిల్ల మీద చల్లి, నా వైపు వేలు చూపించి మరీ పిల్లతో అన్నారు.

"ఒక్క ఫ్యాను మేరకే సుమా! అంతకి మించితే మీ నాన్న చెడిపోతాడు."

అని, మా అత్తగారి వైపు తిరిగి, "ఏదీ చెల్లెమ్మ గారూ, ఓ గ్లాసెడు చల్ల ఇప్పించండి" అన్నారు.